నీలం కవరులో ఆరో వాక్యం

మా డిపార్ట్‌మెంట్‌లో ఎవరికి తలనొప్పి వచ్చినా మందుల షాపు దాకా వెళ్ళక్కర్లేదు, అక్క చేతిసంచీ దాకా వెళితే చాలు. మాత్రలు, సూదీ దారం, చొక్కా గుండీలు, మూడు పెన్నులు, బిస్కెట్ల పొట్లం, చిన్న గొడుగు, ఇంకా ఎందుకు పెట్టుకుందో ఆవిడకే గుర్తులేని నాలుగైదు వస్తువులు అందులో ఉండేవి. పిల్లలు ఆ సంచీని కిరాణా కొట్టు అనేవారు, ఆవిణ్ణి అమ్మమ్మ మేడం అనేవారు. ఆ పేరు పెట్టేనాటికి ఆవిడకు నలభై ఎనిమిదేళ్ళు. పిల్లలు లేరు. నేనైతే ఆ పేరు పెట్టినవాణ్ణి పట్టుకుని చెవి మెలేసేదాన్ని. ఆవిడ మాత్రం, "అమ్మను కాకుండానే అమ్మమ్మనయ్యాను, ఇంతకన్నా ప్రమోషన్ ఏముంటుందే" అని నవ్వేసింది.

నాకు సొంత అక్క కాదు. ఇద్దరం యూనివర్సిటీలో స్టాటిస్టిక్స్ చెప్పేవాళ్ళం. నేను ఉద్యోగంలో చేరిన మొదటి రోజు భోజనం తెచ్చుకోలేదని తన డబ్బాలో సగం తీసి నా ముందు పెట్టింది. ఆ రోజు నుంచి అక్క. పదకొండేళ్ళు ఒకే గదిలో ఎదురెదురు బల్లల దగ్గర కూర్చున్నాం. మా ఇద్దరి మధ్య ఒక ఇనప బీరువా, ఒక టీ ఫ్లాస్కు. నాది ముక్కు మీద కోపం. ఆలస్యంగా వచ్చిన విద్యార్థిని నేను గుమ్మంలోనే నిలబెట్టి కడిగేసేదాన్ని. అక్క మాత్రం "తిన్నావా?" అని అడిగేది. తినలేదంటే బిస్కెట్లు చేతిలో పెట్టి అప్పుడు లోపలికి రమ్మనేది. దీనివల్ల ఆవిడ క్లాసుకు ఆలస్యంగా వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారని నేను లెక్క తీసి మరీ చూపించాను. "అయితే ఆకలితో వచ్చేవాళ్ళు ఎక్కువయ్యారన్నమాట" అంది.

పాఠం మాత్రం గట్టిగా చెప్పేది. మొదటి రోజు క్లాసులో అందరి చెప్పుల సైజులు అడిగి బోర్డు మీద రాసి, సగటు కట్టించేది. ఆ సగటు సైజు చెప్పులు తెస్తే ఎవరికి సరిపోతాయో చేతులెత్తమనేది. ఒక్క చెయ్యీ లేచేది కాదు. సగటు అనేది కాగితం మీద ఉంటుంది, బెంచీ మీద కూర్చునేది సగటు కాదు అనేది.

ఇక నీలం కవర్ల సంగతి చెప్పాలి. మా భవనంలో కింది అంతస్తులో విద్యార్థి సహాయ విభాగం అని ఒక ఆఫీసు ఉంది. చూపు, వినికిడి, నడక, చదవడం, రాయడం వీటిలో ఇబ్బంది ఉన్న పిల్లలు, పైకి కనబడని జబ్బులున్న పిల్లలు అక్కడ పేరు నమోదు చేసుకుంటారు. అలాంటి విద్యార్థి ఎవరి క్లాసులో ఉంటే ఆ టీచరుకు సెమిస్టరు రెండో వారంలో ఒక నీలం కవరు వస్తుంది. లోపలి ఉత్తరంలో జబ్బు పేరు ఉండదు. టీచరు ఏం చేయాలో మాత్రం వరసగా ఉంటుంది. బోర్డు వైపు తిరిగి మాట్లాడకూడదు, పాఠం ముందురోజే ఇవ్వాలి, పరీక్షకు అదనపు సమయం ఇవ్వాలి, ఇలాంటివి. దానితో పాటు వచ్చే చీటీలో "చదివాను, పాటిస్తాను" అన్నచోట సంతకం పెట్టి తిప్పి పంపాలి. అందరం పెట్టేవాళ్ళం. నేను అప్పటిదాకా ఒక్క ఉత్తరాన్ని పూర్తిగా చదివిన పాపాన పోలేదు. ఎదురుగదిలో లెక్చరరైతే ఆ కవర్లను టీ గ్లాసు కింద పెట్టుకునేవాడు. అక్క ఒక్కతే వాటిని ఎర్ర పెన్సిలు పట్టుకుని చదివి, డైరీలో అతికించుకునేది.

ఆ ఏడు రెండో సంవత్సరం క్లాసులో తలుపు పక్క బెంచీలో ఒక అమ్మాయి కూర్చునేది. హాస్టల్లో ఉండేది. పిలిస్తే తప్ప పలికేది కాదు, లెక్క మాత్రం అందరికంటే ముందు తేల్చేది. ఆ అమ్మాయి గురించి వచ్చిన ఉత్తరంలో ఆరు వాక్యాలు. తొమ్మిదింటికి ముందు పరీక్ష పెట్టకూడదు. మినుకుమినుకుమనే లైటు కింద కూర్చోబెట్టకూడదు. మధ్యలో లేచి బయటికి వెళితే కారణం అడగకూడదు. క్లాసుకు రాలేకపోయిన రోజు పాఠం కాగితాలు ఇవ్వాలి. పరీక్షలో గంటకు ఇరవై నిమిషాలు అదనంగా ఇవ్వాలి. ఆరోది, ఈ విద్యార్థికి సంబంధించిన ఏ విషయమూ ఆమె ఒప్పుకోకుండా ఎవరికీ చెప్పకూడదు.

అక్క ఆ ఉత్తరం రెండుసార్లు చదివింది. టీ చల్లారిపోయినా తాగలేదు. మర్నాడు ఆ అమ్మాయిని మా గదికి పిలిచి, నన్ను కాసేపు బయట తిరిగి రమ్మంది. అరగంట తర్వాత ఆ అమ్మాయి బిస్కెట్ల పొట్లంతో బయటికొచ్చింది, మొహం తేటగా ఉంది. లోపల అక్క కళ్ళు ఎర్రగా ఉన్నాయి. ఏమిటి సంగతని అడిగాను. "నువ్వు అడక్కు, నేను చెప్పను" అంది. నాలుగు రోజులు తిప్పి తిప్పి అడిగినా చెప్పలేదు. ఇది ఎందుకు చెబుతున్నానంటే, నోట్లో నువ్వుగింజ నానని మనిషి అని ఎవరూ అనుకోకూడదు. అక్కకు రహస్యం దాచడం బాగా తెలుసు.

ఆ నెలంతా అక్క చేసిన పని చూస్తే ముచ్చటేస్తుంది. క్లాసు గదిలో కొట్టుకుంటున్న ట్యూబులైటు మార్చమని ఎలక్ట్రీషియన్ వెంట మూడు రోజులు తిరిగింది. ఎనిమిదిన్నరకు ఉండే స్లిప్ టెస్టును క్లాసు మొత్తానికీ పదిన్నరకు జరిపింది, ఒక్కరి కోసం జరిపినట్టు కనబడకుండా. పాఠం కాగితాలు కూడా అందరికీ ఇచ్చింది. ఆ అమ్మాయికి ఏం కావాలో అన్నీ జరిగాయి, ఎవరికీ ఏమీ తెలియలేదు. అక్కడే ఆగిపోయి ఉంటే నేను ఇది రాసేదాన్ని కాదు.

రెండో నెలలో సర్వే పని వచ్చింది. పిల్లలు ఇద్దరిద్దరుగా ఊళ్ళో ఇల్లిల్లూ తిరిగి వివరాలు రాసుకు రావాలి. మూడు రోజులు, నలభై రెండు మంది. రోడ్లు దాటాలి, మేడలెక్కాలి, నది వంతెన మీదుగా అవతలి పేటకు పోవాలి. సర్వేకి ముందు సోమవారం ఆ అమ్మాయి ఆసుపత్రికి చూపించుకోవడానికి వెళ్ళి క్లాసుకు రాలేదు. నేను వరండాలో పోతూ కిటికీలోంచి చూస్తే, బోర్డు మీద ఒక మనిషి పక్కకు తిరిగి పడుకున్న బొమ్మ వేసి ఉంది. ఇది ఏ చాప్టరబ్బా అనుకుంటూ వెళ్ళిపోయాను.

అక్క క్లాసులో చెప్పేసింది. పేరు పెట్టి చెప్పింది. ఆ అమ్మాయికి మూర్ఛ వస్తుంది, పడిపోతే భయపడకండి, పక్కకు తిప్పి పడుకోబెట్టండి, నోట్లో చెంచాలు అవీ పెట్టకండి, గడియారం చూసుకోండి, అయిదు నిమిషాలు దాటితే అంబులెన్సుకు ఫోన్ చేయండి. జబ్బు పేరు ఇక్కడ రాస్తున్నాను కదా, ఆ అమ్మాయిని అడిగే రాస్తున్నాను. చెప్పిన ప్రతి ముక్కా సరైనదే. డాక్టరు కూడా అంతకన్నా బాగా చెప్పడు.

పెదవి దాటితే పృథివి దాటుతుందని ఊరికే అనలేదు. మధ్యాహ్నం భోజనాల వేళకు ఆ మాట స్టాఫ్ రూముకు వచ్చింది. సాయంత్రానికి హాస్టలుకు చేరింది. మర్నాడు ఆ అమ్మాయి క్లాసుకు వచ్చేసరికి బెంచీలో తన పక్కనుండే పిల్ల వెనక బెంచీకి జరిగింది. ఇంకో ఇద్దరు పిలవకుండానే వచ్చి అటూ ఇటూ కూర్చుని, ఆ అమ్మాయి పెన్ను కింద పడేసుకున్నా ఉలిక్కిపడ్డారు. హాస్టల్లో ఒక పిల్ల ఆమె స్నానానికి వెళితే తలుపు బయట నిలబడి అయిదు నిమిషాలకోసారి పేరు పెట్టి పిలిచింది. గదిలో ఉండే పిల్ల తల్లిదండ్రులు వార్డెన్‌కు ఫోన్ చేసి తమ కూతురికి వేరే గది ఇమ్మన్నారు. వీళ్ళలో ఒక్కరూ చెడ్డవాళ్ళు కారు. అదే నాకు ఇప్పటికీ మింగుడు పడదు.

గురువారం ఆ అమ్మాయి పెట్టె సర్దుకుని ఇంటికి వెళ్ళిపోయింది. పోతూ పోతూ కింది అంతస్తులో ఒక పేజీ ఉత్తరం ఇచ్చి వెళ్ళింది.

విచారణ మా హెడ్డుగారి గదిలోనే జరిగింది. సహాయ విభాగం అధికారిణి చిన్న వయసు మనిషి, ఆవిడకే రెండు చెవులకూ వినికిడి మిషన్లున్నాయి. అంతకుముందు రోజు హెడ్డుగారు అక్కను పిలిచి, పేరు చెప్పలేదని, మామూలుగా ప్రథమ చికిత్స పాఠం చెప్పానని అనమన్నాడు. మిగతా పిల్లలంతా అక్క పక్షమే, ఎవరూ కాదనరు. అక్క విని ఊరుకుంది. విచారణలో మాత్రం అడిగిన మొదటి ప్రశ్నకే, "నేనే చెప్పానండి. పేరు పెట్టి చెప్పాను. ఆరో వాక్యం చదివి, తెలిసే చెప్పాను" అంది. ఇంక అడగడానికేం మిగల్లేదు. ఒక మెమో ఇచ్చారు. నెల తర్వాత, దొంగలు పడ్డ ఆరునెలలకు కుక్కలు మొరిగినట్టు, మా అందరికీ రెండు రోజుల శిక్షణ పెట్టారు. ఉత్తరాలు ఎలా చదవాలో, ఏది ఎవరికి చెప్పాలో, చెప్పే ముందు విద్యార్థిని ఎలా అడగాలో చెప్పారు. ఎదురుగది లెక్చరరు ముందు వరసలో కూర్చుని నోట్సు రాసుకున్నాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. ఉత్తరం చదవనివాళ్ళం క్షేమంగా ఉన్నాం, చదివినావిడకు మెమో వచ్చింది.

ఆ మంట అక్క మీదే చూపించాను. నీ డైరీలో ఆరో వాక్యం కింద కూడా ఎర్రగీత ఉంది కదా, మరి ఎందుకు నోరు జారావని గదిలో నిలదీశాను. జారలేదు అంది. బీరువా వైపు చూస్తూ తన తమ్ముడి సంగతి చెప్పింది. చిన్నప్పుడే పోయాడని మాత్రమే నాకు అంతవరకూ తెలుసు. వాడికి పద్నాలుగేళ్ళట, అక్కకు పదహారు. వాడికీ ఇదే జబ్బు. ఇంట్లో వాళ్ళకి తప్ప ఎవరికీ తెలియదు. స్నేహితులకు చెప్పొద్దని వాడే అక్క చేత మాట తీసుకున్నాడు. ఒక వేసవిలో నలుగురు స్నేహితులతో కాలవకు ఈతకు పోయాడు. నీళ్ళల్లో వాడు మునిగితే, ఊపిరి బిగబట్టి ఆట పట్టిస్తున్నాడని వాళ్ళు గట్టు మీద అంకెలు లెక్కపెట్టారు.

"వందదాకా లెక్కపెట్టారటే. మంచి పిల్లలు. తెలిసుంటే చెయ్యి పట్టుకునేవాళ్ళే" అంది అక్క. "అప్పుడు నేను మాట నిలబెట్టుకున్నాను. ఈ పిల్ల ఆ వంతెన దాటి సర్వేకి పోతుందనేసరికి, మళ్ళీ అలా మాట నిలబెట్టుకోవడం నావల్ల కాలేదు."

నేను ఫ్లాస్కులోంచి టీ పోసి ఆవిడ ముందు పెట్టాను.

మెమో ప్రకారం ఆ అమ్మాయికి అక్క నేరుగా ఫోన్ చేయకూడదు, ఉత్తరం రాయకూడదు, ఏదైనా సహాయ విభాగం ద్వారానే. అక్క ఆ విభాగానికి వెళ్ళి, క్షమాపణ చెప్పుకోవడానికి ఒక్కసారి ఆ అమ్మాయి ఒప్పుకుంటుందేమో అడగమంది. మూడు వారాలకు జవాబొచ్చింది. ఒక్కసారి రావచ్చు, తోడుగా ఇంకో టీచరు ఉండాలి అని. నేను వెళ్ళాను.

బస్సులో రెండు గంటల ప్రయాణం. ఆ అమ్మాయి తండ్రి దర్జీ. కింద కుట్టుమిషన్ల దుకాణం, పైన రెండు గదుల ఇల్లు. తల్లి తలుపు తీసింది, మంచినీళ్ళిచ్చింది, పక్కగదిలోకి వెళ్ళిపోయింది. కింద మిషను ఆగి ఆగి నడుస్తోంది. ఆ అమ్మాయి మా ఎదురుగా స్టూలు మీద కూర్చుంది, సన్నబడింది. అక్క ముందే అనుకున్న మాటలు చెప్పింది. తప్పు చేశాను, నువ్వు చెప్పుకోవాల్సింది నేను చెప్పేశాను, నీ చదువు ఆగకూడదు, నేను ఆ క్లాసు వదిలేస్తాను, నువ్వు తిరిగి రా అంది.

"మీకు చెప్పినప్పుడు మీరు ఏడ్చారు మేడం" అంది అమ్మాయి. "ఏడ్చినవాళ్ళు ఎవరికీ చెప్పరనుకున్నా."

అక్క తల దించుకుంది.

"నేను కూడా చెబుదామనే అనుకున్నా. సర్వేలో నా జోడీ అమ్మాయికీ, ఇంకొకరికీ. ఇద్దరికే. పడిపోతే ఏం చేయాలో కాగితం మీద రాసుకున్నా కూడా. ఆసుపత్రి నుంచి వచ్చాక చెబుదామని ఆగాను" అంది. తర్వాత మామూలుగా, పాఠంలో సందేహం అడిగినట్టే అడిగింది. "నన్నొక్క మాట అడిగుంటే ఏం పోయేది మేడం?"

వస్తామని చెప్పి లేచాం. తల్లి గుమ్మం దాకా వచ్చి, జాగ్రత్తగా వెళ్ళండమ్మా అంది. ఆవిడ తిట్టి ఉంటే కాస్త తేలికపడేవాళ్ళం.

తిరుగు బస్సులో నేను అక్క మీద విసుక్కున్నాను. ఇంత దూరం వచ్చి, తమ్ముడి సంగతి ఆ పిల్లకు ఎందుకు చెప్పలేదు, చెబితే అర్థం చేసుకునేది కదా అన్నాను. అక్క కిటికీలోంచి బయటికి చూస్తూ, "చెబితే ఆ పిల్ల నన్ను ఓదార్చాల్సొస్తుందే. దానికి ఆ పని కూడా పెట్టమంటావా?" అంది.

ఆ అమ్మాయి ఆ ఏడు తిరిగి రాలేదు. పై ఏడాది వేసవిలో, మిగిలిన రెండు పేపర్లూ విడిగా రాస్తానని విభాగానికి రాసింది. రెండు షరతులు పెట్టింది. గది వేరుగా ఉండాలి, అమ్మమ్మ మేడం ఆ రెండు రోజులూ భవనంలో ఉండకూడదు. రెండో షరతు అక్కకు చెప్పడానికి హెడ్డుగారు నన్ను పంపించాడు. అక్క విని, అయితే గది పని ముందే అయిపోవాలి అంది. పటాలు, విరిగిన కుర్చీలు పడేసే చివరి గదిని ఖాళీ చేయించింది. ట్యూబులైటు తీయించి మామూలు బల్బు పెట్టించింది. నేల మీద పాత పరుపు ఒకటి, దాని మీద ఉతికిన దుప్పటి వేసింది. బల్ల అంచులకు గుడ్డ చుట్టి కుట్టింది, తల తగిలినా దెబ్బ తగలకుండా. వరండాలో మనుషులు తిరగకుండా రెండు రోజులు అటువైపు క్లాసులు మార్పించింది. ఆ రెండు రోజులూ సెలవు పెట్టి ఇంట్లో కూర్చుంది.

పరీక్షకు నేనే ఇన్విజిలేటర్ని. అమ్మాయి వచ్చి గది నలువైపులా చూసింది, గుడ్డ చుట్టిన బల్ల అంచును చేత్తో తడిమింది. ఎవరు చేశారని అడగలేదు. సంచీలోంచి మడతలు నలిగిన ఒక కాగితం తీసి నాకిచ్చి, నాకేమైనా అయితే ఇది చూడండి మేడం అంది. పడిపోతే ఏం చేయాలో అందులో రాసి ఉంది, పక్కన చిన్న బొమ్మ కూడా ఉంది. అదే కాగితమని నాకు అర్థమైంది. ఏమీ కాలేదు. నాలుగు గంటలు తల ఎత్తకుండా రాసింది.

పేపరు ఇచ్చాక, సంచీ భుజానికి తగిలించుకుంటూ, "మేడం ఎలా ఉన్నారు?" అంది.

బాగానే ఉన్నారన్నాను. నిజానికి బాగా లేదు. ఆ ఏడాదిలో సంచీ సగానికి తగ్గిపోయింది, క్లాసులో "తిన్నావా" అనే మాట మానేసింది. అయినా బాగానే ఉన్నారన్నాను.

"నేను అడిగానని చెప్పకండి" అంది అమ్మాయి.

చెప్పనన్నాను. శిక్షణ తీసుకున్న మనిషిని కదా. ఆ సాయంత్రం అక్క ఇంటికి వెళ్ళాను. బావగారు తలుపు తీశారు, ఆయన మాటలు మనిషి కాదు, కుర్చీ జరిపి లోపలికి వెళ్ళారు. ఆ పిల్ల ఎలా రాసిందని అక్క అడిగింది. బాగా రాసిందన్నాను. బల్బు వెలుతురు సరిపోయిందా అంది. సరిపోయిందన్నాను. నా మొహం వైపు చూడకుండా అడిగింది.

"నా గురించేమైనా అడిగిందా?"

"పరీక్ష గురించే మాట్లాడింది అక్కా" అన్నాను.

"అవును మరి. పరీక్షకొచ్చింది, పరీక్ష గురించే మాట్లాడుతుంది" అంది అక్క. లేచి టీ పెట్టడానికి వెళ్ళింది, చాలాసేపు రాలేదు.

రెండో రోజు కూడా అమ్మాయి వచ్చింది, రాసింది, వెళ్ళింది. ఇచ్చిన మాట తప్పలేదని, నోరు కట్టుకున్నానని నా భుజాలు నేనే చరుచుకున్నాను. ఆ అమ్మాయి మంచి మార్కులతో పాసైంది. చివరి సంవత్సరం ఇంకో కాలేజీకి మార్చుకుని అక్కడ పూర్తి చేసింది. ఆ మార్పు కాగితాల మీద సంతకం అక్కే పెట్టింది. పెట్టాక పెన్ను మూత పెట్టి, "అక్కడి వాళ్ళకు ఉత్తరం వెళుతుంది కదా?" అని గుమాస్తాను అడిగింది. వెళుతుందన్నాడు.

అక్క ఇంకా మూడేళ్ళు పని చేసింది. నీలం కవర్లు చదవడం మానలేదు. అయితే ఏ పిల్లనూ గదికి పిలిచి కూర్చోబెట్టుకోలేదు. ఉత్తరంలో ఉన్నది ఉన్నట్టు చేసేది, అంతకు మించి ఒక్క అడుగు వేసేది కాదు. అమ్మమ్మ మేడం అనే పేరు పాత బ్యాచీలతో పోయింది. కొత్త పిల్లలు ఆవిణ్ణి స్టాట్స్ మేడం అనేవారు. ఆ మాట విన్నప్పుడల్లా, ఆ అమ్మాయి అడిగిందన్న నిజం చెప్పేద్దామని ఎన్నిసార్లు నోటిదాకా వచ్చిందో. ఆవిడ ఆ ప్రశ్న మళ్ళీ అడగలేదు. అడిగి ఉంటే చెప్పేసేదాన్నేమో, తెలియదు.

రిటైరైన మరుసటి ఏడు అక్కకు ఊపిరితిత్తుల జబ్బని తేలింది. తేలేసరికే ముదిరిపోయింది. ఆసుపత్రిలో ముక్కుకు గొట్టంతో పడుకుని, ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి, ఆ పిల్ల ఏం చేస్తోందో అంది. ఏ పిల్ల అని నేను అడగలేదు. అక్కడి నుంచి తిన్నగా యూనివర్సిటీకి వచ్చి, కింది అంతస్తులో కూర్చుని ఆ అమ్మాయికి ఉత్తరం రాశాను. మేడం పరిస్థితి ఇదీ, అప్పుడు నువ్వు అడిగిన మాట ఆవిడకు చెప్పడానికి ఒప్పుకుంటావా అని. కింద నా ఫోను నంబరు వేశాను. ఆ అధికారిణి ఆ రోజే పంపించింది. కానీ అమ్మాయి ఉద్యోగం వచ్చి వేరే ఊరికి మారింది, ఉత్తరం పాత ఇంటికి పోయి, అక్కడి నుంచి తండ్రి పంపిన బట్టల మూటతో పాటు ఆలస్యంగా ఆమెకు చేరింది. రోజూ ఫోను చేతిలో పట్టుకుని ఆసుపత్రికి పోయేదాన్ని. పన్నెండో రోజు తెల్లవారి అక్క పోయింది.

పంతొమ్మిదో రోజు ఫోను మోగింది.

"ఉత్తరం ఇవాళే చూశాను మేడం. చెప్పండి. చెప్పేయండి. రేపు సెలవు పెట్టి నేనే వస్తున్నాను" అంది.

అక్క పోయి వారమైందని చెప్పాను.

అయినా మర్నాడు వచ్చింది. ఇప్పుడు సర్వేలు చేసే గణాంక శాఖ ఆఫీసులో పని చేస్తోంది, కింద పదిమంది ఉన్నారట. అక్క కుర్చీలో ఇప్పుడు ఎవరో కొత్త లెక్చరరు కూర్చుంటున్నాడు, క్లాసుకు వెళ్ళాడు. అమ్మాయి ఆ కుర్చీలో కూర్చోలేదు, బీరువా పక్కన నిలబడింది. అప్పుడు నేను తమ్ముడి సంగతి చెప్పాను. ఆ విషయం చెప్పొద్దని అక్క అనలేదు, చెప్పమనీ అనలేదు. ఇక అడగడానికి మనిషి లేదు. అమ్మాయి విని గోడవైపు తిరిగి ఏడ్చింది. నేను ఓదార్చడానికి వెళితే చేత్తో వద్దంది.

కాసేపటికి మొహం తుడుచుకుని, "ఆ రోజు చెప్పొద్దన్నది కోపం మీద మేడం" అంది. "ఆ గది చూశాక సాయంత్రానికే కోపం పోయింది. రెండో రోజు మీరే అడుగుతారేమో అనుకున్నా, చెప్పనా అని. పేపరిచ్చాక అందుకే కాసేపు నిలబడ్డాను."

నిలబడింది. నాకు గుర్తుంది. నేను తల వంచుకుని ఆన్సరు పేపర్లకు దారం కడుతున్నాను. ముడి సరిగ్గా పడటం లేదు. ఆ అమ్మాయి ఇంకా వెళ్ళలేదేమిటా అనుకున్నాను గానీ, ఏమ్మా అని తల ఎత్తి అడగలేదు.